తల చేతికాడికి రాకూడదు

అంగట్లో పంచెలు చూపిస్తుండగా పులివెందుల నుంచి ఫోను వచ్చింది. "డ్రిల్లు సారు తెల్లారుజామున పోయినాడప్పా" అన్నాడు తెలిసినాయన. ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక ఆ మనిషికి ముఖం చూపించే పని తప్పిందన్న ఊరట. అంతటి గొప్పవాణ్ణి నేను! మరుక్షణం సిగ్గేసింది. ఆ సిగ్గే ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

ఆయన ప్రొద్దుటూరులో మా అమ్మాయి చదివిన బడిలో డ్రిల్లు సారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, బావి. ఊరి బయట తోటలోని పెద్ద బావికి అడ్డంగా తాడు కట్టి పిల్లలకు పోటీ ఈత నేర్పేవాడు. పొద్దున ఒక్క గంటే. ఇంకో గంట ఈదించమని ఏ తండ్రైనా అడిగితే, "గంట నీళ్లల్లో ఉండారు గదా, మిగతా దినమన్నా పిలకాయల మాదిరి ఉండనీండప్పా" అనేవాడు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కొమ్ము దువ్వెన ఉండేది. నీళ్లలో దిగేముందు ప్రతి పిల్లా దాంతో వెనక తల దువ్వి చూపించాలి. భుజం బాగుంటే చెయ్యి సులువుగా వెనక్కి పోతుంది. నొప్పి ఉంటే తనకు తెలియకుండానే తల వంచుతుంది. తల వంచిన పిల్ల ఆ రోజుకు ఇంటికే. "చెయ్యి తలకాడికి పోవాల. తల చేతికాడికి రాకూడదు" అనేవాడు.

"అందరికీ ఒకే దువ్వెనంటే పేలు ఎక్కవా సారూ?" అని తల్లులు గొడవపడేవారు.

"పేలు దువ్వితే పోతాయమ్మా. భుజం పోతే యాడ తెచ్చేది?"

పదమూడేళ్లకు మా పాప జిల్లా ఈత పోటీల్లో మొదటిదిగా వచ్చింది. నాకు పిచ్చెక్కింది. నెలన్నరలో రాష్ట్రపోటీలు. సారుకు తెలియకుండా సాయంత్రాలు జమ్మలమడుగు దారిలో మా బావమరిది బావికి తీసుకుపోయి రెండేసి గంటలు ఈదించాను. "నాయనా, భుజం లాగుతాంది" అంటే, "లాగితేనే బలమొచ్చేది, ఈదు" అన్నాను. నాకేం తెలుసని? గుడ్డ కొలవడం తప్ప ఏమీ తెలియదు.

ఒక పొద్దున సారు దువ్వెన ఇస్తే మా పాప తల వంచింది. సారు నా వైపు తిరిగాడు.

"ఇంకా యాడ ఈదిస్తాండావప్పా?"

"యాడా లేదు సారూ. మీకాడే."

"నువ్వు అబద్ధం చెప్తావు గానీ భుజం చెప్పదప్పా. పదైదు దినాలు నీళ్లు ముట్టకూడదు."

"పోటీలుండాయి సారూ!"

"పిల్లకు పదమూడేండ్లు. భుజానికి గూడా పదమూడే."

తక్కిన తల్లిదండ్రులంతా విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఏళ్లలో మా వైపు మనిషి ఎదురైతే మంచివాడా చెడ్డవాడా అని కాదు, ఏ పార్టీ అని చూసేవారు. బాంబులు పడ్డాయంటే అంగళ్లన్నీ మూసుకునేవాళ్లం. అప్పుడు అధికారంలో ఉన్న నాయకుడి మనిషి ఒకాయన గుడ్డలకు మా అంగడికి వచ్చేవాడు. ఆ సాయంత్రం ఆయనకు టీ తెప్పించి ఒక్క మాట చెవిన వేశాను.

"డ్రిల్లు సారు అవతలోళ్ల మనిషన్నా. పిలకాయల్ని గూడా ఆ పక్కకే తిప్పుకుంటాండాడు."

"అట్నా? చూస్తాంలే" అని టీ తాగి వెళ్లిపోయాడు.

సారుకు ఏ పార్టీ లేదు. వారం తిరక్కముందే సింహాద్రిపురానికి బదిలీ చేశారు. బదిలీతో పోయింది. అలాంటి మాటకే ఆ రోజుల్లో మనుషులు ప్రాణాలతో లేకుండా పోయారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఇక నాకు అడ్డం చెప్పేవాళ్లు లేరు. పొద్దునా సాయంత్రమూ ఈదించాను. పోటీలకు నాలుగు రోజుల ముందు పాప చెయ్యి పైకి లేవనంది. మళ్లీ ఏ పోటీలోనూ దిగలేదు.

చాలా ఏళ్లకు పులివెందుల బస్టాండులో సారే నన్ను గుర్తుపట్టి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బదిలీ మాటే ఎత్తలేదు. "పాప తల దువ్వుకుంటాందా అప్పా?" అన్నాడు. "బ్రహ్మాండంగా సారూ" అన్నాను. ఛీ! అక్కడ కూడా అబద్ధమే.

ఆఖరిచూపుకు మా అమ్మాయిని వెంటబెట్టుకుని పోయాను. సారు భార్య మమ్మల్ని చూసి ఏడ్చింది. "ఆ ఊరి నుంచి మీరే వచ్చినారన్నా. పాపను శానా తలుచుకునేవాడు" అంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "పెద్ద మనసమ్మా ఆయనది" అని మూసుకున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ తల్లి చదివి తిట్టిన తిట్లన్నీ పడతాను. మా అమ్మాయికి కూడా ఆ టీ సంగతి ఇది చదివితేనే తెలుస్తుంది.

బయల్దేరేటప్పుడు సారు భార్య లోపలికి వెళ్లి ఆ కొమ్ము దువ్వెన తెచ్చి, "నీకాడ ఉండనీ" అని మా అమ్మాయి చేతిలో పెట్టింది. రెండు పళ్లు విరిగి ఉన్నాయి. తిరుగు బస్సులో కిటికీ గాలికి జుట్టు చెదిరింది. మా అమ్మాయి దువ్వెన తీసి, కుడి చెయ్యి భుజం దాకా ఎత్తి, అక్కడే ఆపింది. తర్వాత తల వంచి చేతి దగ్గరికి తెచ్చుకుని దువ్వుకుంది.

నేను పక్క సీట్లోనే ఉన్నాను.