రాజమహల్ కట్టిన తాతలు

చంద్రగిరి కోటలో రాజమహల్ ఎవరు కట్టారని ఫకృద్దీన్ భాయ్‌ని అడిగి చూడండి. ముందు మీ ఊరేదంటాడు. తర్వాత చేతులు చూపించమంటాడు. జవాబు ఆ పైనే. ఎందుకంటే ఆయన లెక్కలో మహల్ కట్టినవాళ్ళు, దాన్ని చూడవచ్చినవాళ్ళను బట్టి మారిపోతుంటారు.

ఆయన అక్కడ గైడు. మెడలో గుర్తింపు కార్డు, కాళ్ళకు హవాయి చెప్పులు, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు ఎండకు గాని వానకు గాని విప్పగా నేను చూడలేదు. దాని మొనతో గోపురాలు చూపిస్తాడు.

ఒకసారి ఐరాల నుంచి చెరుకు కొట్టే కూలీలు వచ్చారు. కొండకు పోయి దర్శనం చేసుకుని, దారిలో ఇక్కడ దిగారు. వాళ్ళ పెద్ద గురవమ్మ.

"ఏ ఊరమ్మా మీది?"

"ఐరాల సామీ."

"చేతులు సూపించండి."

చూపించారు. కాయలు కాసిన అరచేతులు. భాయ్ తల పంకించాడు.

"అనుకుంటి. ఆ పైన గోపురం సూడండి. ఒక్క కట్టె ముక్క లేదు. ఉత్త రాయి, ఇటుక, సున్నం. ఇన్ని వందల ఏండ్లయినా ఎట్ల నిలబడుండాదో సూడు. దాన్ని లేపింది మీ ఊరి మేస్త్రీ. పేరు చిన్నబ్బ."

"మా తాత పేరు గూడా చిన్నబ్బే గదా," అంది గురవమ్మ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"మరి? తాత పేరే గదా మనవడికి పెడతారు. మీ తాతకు తాత ఆయన. పో, తాకి సూడుపో గోడను."

మా వైపు ఏ పల్లెకు పోయినా చిన్నబ్బ ఒకడుంటాడు. ఆ సంగతి భాయ్‌కి తెలుసు.

కార్లలో వచ్చేవాళ్ళకు మాత్రం ఈ భాగ్యం లేదు. "కోట యాదవరాజులది సార్. మహల్ విజయనగరం వాళ్ళది. మూడంతస్తులు. ఫోటో ఆ మూల నుంచి బాగొస్తాది." అంతే. గొడుగు కూడా పైకి లేవదు.

ఇక నా బాధ చెప్పుకోవాలి. నేను తిరుపతిలో పారిశుద్ధ్య కార్మికుల సంఘం నడుపుతాను. సెలవు దొరికితే మా వాళ్ళను కోటకు తీసుకొస్తాను. మావాళ్ళందరికీ భాయ్ తాతల్ని పంచిపెట్టాడు. నా సొంతూరు పాకాల. నా చేతులు చూసి, "మూడంతస్తులు కృపామణమ్మా," అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా మూడంతస్తులే.

కడుపుమంట కొద్దీ ఒకరోజు నిలదీశాను. "ఇవన్నీ అబద్ధాలు కదా భాయ్?"

"రాజు కట్టినాడనేది నిజమా తల్లీ? ఒక్క తట్ట మోసినాడా?"

ఇదే మాట నేను మైకులో వందసార్లు చెప్పి ఉంటాను.

ఆయన భార్య వహీదున్నీసా ఆపా మాత్రం ఇంట్లో అంటుంది: "నికా అయిన కొత్తల్లో, ఈ మహల్ పక్కనుండే రాణీమహల్‌కు సున్నం కొట్టింది మా ఊరోళ్ళేనని చెప్పినాడమ్మా. మురిసిపోతి. మా ఇంటికి సున్నం కొట్టేదానికి మాత్రం ఏ ఊరోళ్ళూ రారు."

ఇట్లా సాగిపోయేదే గానీ, ఐరాల వాళ్ళు ఫ్లెక్సీ వేయించారు.

కోట బయట రోడ్డు మీద కట్టారు. 'రాజమహల్ నిర్మాత కీర్తిశేషులు చిన్నబ్బ మేస్త్రీ గారికి ఘన నివాళి, ఇట్లు ఐరాల మనవళ్ళు.' ముత్తాత ఫోటో ఎక్కడిది? గురవమ్మ కొడుకు ఫోటోకే తెల్లమీసం, తలపాగా తగిలించారు ఫ్లెక్సీ షాపువాళ్ళు. ముత్తాత చేతిలో సెల్‌ఫోన్ అలాగే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం పాకాల తాపీపనివాళ్ళు దిగారు. వాళ్ళకు అదే గోపురాన్ని భాయ్ ఎప్పుడో ఇచ్చేసి మరిచిపోయాడు. ఐరాల ఫ్లెక్సీ చూసి మండిపోయి, అంతకన్నా పెద్దది తెచ్చి ఎదురుగా కట్టారు. అందులో మేస్త్రీ పేరు దొరస్వామి.

"మీ చిన్నబ్బ సున్నం కలిపింటాడేమోలే. కట్టింది మా దొరస్వామి."

"కట్టినాడులే. మీ ఊళ్ళో మీరు కట్టే ఇండ్లు మొదటి వానకే కారతాయంట గదా."

"ఆ గోపురం కారిందా? సూపియ్యి, యాడ కారిందో."

చివరికి అందరూ భాయ్ మీదకు తిరిగారు. ఆ రోజే మొదటిసారి ఆయన గొడుగు విప్పి దాని కింద దాక్కోవడం చూశాను. లోపలి నుంచి మాట వచ్చింది: "చెరొక పక్కనుంచి కట్టుకుంటా వచ్చినారప్పా. నడిమిట్లో కలుసుకున్నారు."

వాళ్ళు సర్దుకున్నారు. కానీ ఎవరో వీడియో తీసి పెట్టారు. గైడు అబద్ధాలు చెబుతున్నాడని ఫిర్యాదు పోయింది. విచారణకు దయానంద్ అనే అధికారి వచ్చాడు. టికెట్ల గది పక్కన బల్ల వేయించుకుని, ముందుగా భాయ్ మెడలోని కార్డు తీయించి తన ముందు పెట్టుకున్నాడు. అది తిరిగి రాకపోతే భాయ్‌కి ఆ గేటు లోపల పని లేదు. కార్డు లేని మెడ బోసిగా కనిపించింది. వహీదున్నీసా ఆపా గోడవారగా నిలబడి కొంగు చివర నలుపుతోంది. రెండు ఊళ్ళవాళ్ళూ వచ్చారు. నేనూ వెళ్ళాను.

"ఒక్క గోపురాన్ని ఎంతమంది చేత కట్టించావయ్యా?"

"ఎంతమంది వస్తే అంతమంది చేత సార్."

"నవ్వులాటగా ఉందా? చరిత్ర అంటే ఏమనుకుంటున్నావు? కొందరికి సరిగ్గానే చెబుతున్నావు, కొందరికే ఈ కథలు ఎందుకు?"

భాయ్ గొడుగు మొనతో నేల గీకాడు. "కార్లో వచ్చేటోళ్ళకు రాజులుండారు సార్. బడి పుస్తకంలోనే ఉండారు. ఈళ్ళకెవురుండారు? అందుకే తలా ఒక తాతను ఇస్తి."

గురవమ్మ ముందుకొచ్చింది. "సామీ, మేము యాడికి పోయినా పక్కకు జరుగు, అది ముట్టొద్దు అంటారు. తాకి సూడుపో, నీదే అన్నోడు ఈయనొకడే. మీరు దండిస్తే, మా తాతను గూడా తీసుకుపోయినట్లే."

"మా దొరస్వామిని గూడా," అన్నారు పాకాలవాళ్ళు. రెండు ఊళ్ళూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

దయానంద్ కాగితాలు అటూ ఇటూ జరిపాడు. గొంతు సవరించుకున్నాడు. "మాది నాయుడుపేట," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

భాయ్ వంగి బల్ల మీది చేతుల వంక చూశాడు. "మెత్తగుండాయి సార్. మీకు మూడంతస్తులే."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేనే. దయానంద్ చేతులు బల్ల కిందికి తీసుకున్నాడు. "మా నాయన ఇటుకల బట్టీలో పనిచేసేవాడు," అన్నాడు.

"అది మొదటే చెప్పాల గదా సార్," భాయ్ గొడుగు పైకి లేచింది. "మరి ఆ పైన ఇటుకలు యాడనుంచి వచ్చినాయనుకుంటిరి?"

దయానంద్ లేచి గోపురం వైపు చూశాడు. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత కార్డు భాయ్ చేతిలో పెట్టాడు. "కట్టింది చుట్టుపక్కల ఊళ్ళ కూలీలని చెప్పు. అది అబద్ధం కాదు. పేర్లు మాత్రం వద్దు. ఆ ఫ్లెక్సీలు దించండి."

అందరూ వెళ్ళాక నేను భాయ్ ముందు నిలబడి రెండు చేతులూ చాపాను. "ఆయనకు కూడా ఇచ్చేశావు. నేనేం పాపం చేశాను?"

ఆయన నా చేతుల వంక చూడనే లేదు. "నీకు చేతులు సూసి చెప్పేది కాదమ్మా. గొంతును బట్టి చెప్పాల. ఆ గోడ సూడు, రవ్వంత వంకరుండాది గదా? ఆ పొద్దు కూలి పెంచమని మీ ముత్తవ్వ పని ఆపేసి ఈడ్నే కూసునింది. రాజు దిగొచ్చిందాకా లేయలేదంట. ఆ వంకర అప్పుడొచ్చిందే."

గోడ నిటారుగానే ఉంది. ఇంకాసేపు చూశాను. అవును, రవ్వంత వంకరే.

తిరుపతి బస్సు కిటికీలోంచి ఫ్లెక్సీ షాపు కనబడింది. ముత్తవ్వ ఫోటో మా ఇంట్లో ఎటూ లేదు. నా ఫోటోకే తల నెరిపిస్తే సరిపోదా అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను.