ఊపిరి వదిలే వైపు

ముందు వినిపించింది గాలి చప్పుడు. సన్నగా మొదలై, గొంతు పెంచుకుని, ఏదో చెప్పబోయినట్టు పైకి లేచి, టక్కున ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ అదే గాలి, అదే ఎత్తు, అదే టక్కు. దాని వెనక, లోపలి గదిలోంచి, కుట్టుమిషను పరుగు. ఒకటి ఆగి ఆగి, ఒకటి ఆగకుండా. గుమ్మం పక్క బెంచీ మీద నా సీపీయూని ఒళ్ళో పెట్టుకుని రెండూ వింటూ కూర్చున్నాను. మనిషి మాత్రం కనబడలేదు.

"ఎవరూ?" అంది ఒక గొంతు బల్ల కింద నుంచి. నోట్లో ఏదో పట్టుకుని మాట్లాడుతున్న గొంతు.

"మిషన్ దానంతటదే ఆగిపోతోందండీ."

"మీది కూడానా! అన్నీ కూడబలుక్కున్నట్టున్నాయి."

ఆమె పైకి లేచింది. పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు, కనుబొమల మీద దుమ్ము, నిద్ర చాలని కళ్ళు. వీధిలో అందరూ ఆమెను రిపేరమ్మ అంటారని అప్పటికే విన్నాను. బల్ల మీద గొణుగుతున్న ఇంకో సీపీయూ డబ్బా ముందు కూర్చుని, జడలోంచి పిన్ను తీసి, ఆన్ చేసే బటన్ పక్కన మెల్లగా దూర్చి పైకి లాగింది. ఈసారి గాలి పైకి లేచి, అక్కడే నిలబడింది.

"ఎవరో కోపంగా నొక్కారు. బటన్ లోపలే ఇరుక్కుంది. తననింకా నొక్కుతూనే ఉన్నారనుకుంటోంది పాపం, అందుకే లేస్తోంది, పడుకుంటోంది" అంది. పిన్ను మళ్ళీ జడలోకి వెళ్ళిపోయింది.

నాది అంత తేలిగ్గా తెమల్లేదు. నేను పాఠ్యపుస్తకాల ప్రెస్సుకి అచ్చుతప్పులు దిద్దుతాను. ఇంట్లోనే పని. ఒక పాఠం సగంలో ఉండగా తెర నల్లబడేది. ఆమె విప్పి, దుమ్ము ఊది, ఫ్యాను మార్చి, ఆ రోజంతా నడిపి చూసి తీసుకెళ్ళమంది. అప్పుడు లోపలి గదిలో కుట్టుమిషను ఆగింది. మెడలో టేపు వేసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. నన్ను చూడలేదు. నా డబ్బాని చూసింది. ఎత్తు, వెడల్పు, లోతు కొలిచి, నా పెళ్ళి బట్టలకు కొలతలు తీసుకున్నంత శ్రద్ధగా ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని వెళ్ళిపోయింది.

"మా అత్తయ్య. కవరు లేకుండా పంపదు. కూర్చోండి, టీ తాగే లోపల అయిపోతుంది" అంది రిపేరమ్మ.

అదీ ఆ ఇంటి పద్ధతి. బాగైన డబ్బా ఏదీ ఒంటి మీద బట్ట లేకుండా గుమ్మం దాటకూడదు.

రిపేరమ్మ పెళ్ళికి ముందు ఒక ఆఫీసులో అంకెలు ఎక్కించే పని చేసేది. పాడైన కంప్యూటర్లను అక్కడ మెట్ల కింద పడేసేవాళ్ళు. అన్నం తిన్నాక మిగతావాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే ఈమె మెట్ల కింద కూర్చుని వాటిని విప్పేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. పెళ్ళయ్యాక భర్త లారీతో దూరాలు తిరుగుతుంటే, ముందుగదిలో బల్ల వేసుకుంది. ఆ ముందుగది అంతకుముందు మామగారి టైలరు షాపు. ఆయన పోయాక అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే తినేది, లేవమంటే లేచేది, అంతే. ఒకసారి స్నానాల గదిలో జారిపడింది కూడా. అప్పటి నుంచి రిపేరమ్మ ఆవిణ్ణి వదిలి ఎక్కడికీ వెళ్ళదు. ఎవరి మిషనైనా ఇక్కడికి రావాల్సిందే.

ఒకరోజు బాగుచేసిన డబ్బా మీద దుమ్ము పడకుండా పాత తువ్వాలు కప్పిందట. అత్తగారు మంచం మీంచి చూసి, నెలల తర్వాత తనంతట తాను ఒక మాట అంది.

"అదేం అవతారమే? తలంటు పోసుకున్నదానిలా ఉంది."

మర్నాడు లేచి, మామగారి కుట్టుమిషను మీద గుడ్డ తీసి, చక్రానికి నూనె వేసుకుంది. ఆయన దాచిన ప్యాంటు ముక్కలు, సూటు నమూనాలు, ఎవరూ తీసుకెళ్ళని చొక్కాల గుడ్డలు కవర్లయ్యాయి. మొదట్లో గోనెసంచిలా వదులుగా కుట్టేది. రాన్రాను చెయ్యి తిరిగింది. నాకిచ్చిన బూడిదరంగు కవరుకి బటన్ దగ్గర చిన్న కిటికీ, వైర్లకి కాజాలు, వెనక ముడివేసుకోవడానికి నాడాలు, అంచుకి సన్నటి ఎర్ర దారం.

"తీసే పనే లేదు బాబూ, కిటికీలోంచి నొక్కుకో" అంది నా చేతిలో పెడుతూ. రిపేరమ్మ అప్పటికే బల్ల కింద ఇంకో డబ్బాతో ఉంది. వినలేదు.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. బెంచీ మీద నాకంటే ముందు వచ్చినవాళ్ళున్నారు. అందరిదీ ఒకటే మాట. ఆగిపోతోంది. కాసేపాగి నొక్కితే లేస్తోంది. మళ్ళీ ఆగిపోతోంది.

రిపేరమ్మ కరెంటు అందించే పెట్టె మార్చింది. లోపలి చిప్పు మీద వేడి లాగే పాత పేస్టు గీకి కొత్తది రాసింది. ర్యాము తీసి, రబ్బరుతో తుడిచి పెట్టింది. పొద్దున ఆన్ చేసి సాయంత్రం దాకా నడిపేది. ఒక్కటీ ఆగేది కాదు.

"నా దగ్గర బుద్ధిగానే ఉంటాయి. మీ దగ్గరికి రాగానే ఏమొస్తుందో! పుట్టింట్లో గలగలా తిరిగి, అత్తింటికెళ్ళగానే మంచమెక్కే పిల్లల్లా" అంది.

"నేనేమీ అనలేదమ్మోయ్" అంది అత్తగారు లోపల్నుంచి, మిషను ఆపకుండానే.

"మిమ్మల్ని కాదత్తయ్యా, మిషన్లని."

"మిషన్ల మీద పెట్టి నన్నంటున్నావని నాకు తెలీదా."

రిపేరమ్మ నవ్వింది గానీ, ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. ఆ మధ్యాహ్నమే కాలేజీ గుమాస్తా వచ్చి వెళ్ళాడు. ఆమె పనిలో సగం ఆ కాలేజీదే. అతను రిక్షాలో సీపీయూలు దింపించి, నుదురు తుడుచుకుంటూ, "ఇవి మీ మీద బెంగ పెట్టుకున్నాయి మేడమ్, పంపిన ప్రతిసారీ తిరిగొచ్చేస్తున్నాయి. ఈసారి గనక వస్తే పెద్ద షాపుకి ఇచ్చేయమన్నారు. నా మాట కాదు, పైవాళ్ళ మాట" అన్నాడు.

అతను వెళ్ళాక ఆమె ఆ డబ్బాల మధ్య, దేన్నీ ముట్టుకోకుండా, చాలాసేపు కూర్చుంది. "చేతులు పనిచేస్తున్నాయన్నయ్యా. నమ్మకమే పోతోంది" అంది.

"ఒకసారి మా ఇంటికొచ్చి చూడండి. అది ఆగేది అక్కడేగా."

"ఈవిణ్ణి వదిలి ఎలా వస్తాను?"

"వెళ్ళవే, నేనేం చంటిపిల్లనా?" అంది అత్తగారు. చివరికి పక్కింటావిడ వచ్చి కూర్చుంటానంటే బయల్దేరింది. దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

మా గదిలో ఆమె కుర్చీ కూడా వద్దంది. గోడకానుకుని నిలబడి, "నేను లేననుకోండి. రోజూ ఏం చేస్తారో అదే చేయండి. ఏదీ తొందరపడొద్దు" అంది. నేను బూడిదరంగు కవరు కిటికీలోంచి వేలు పెట్టి బటన్ నొక్కి, పాఠం దిద్దడం మొదలుపెట్టాను. గది కిటికీ నీడ నేల మీద జరిగింది. వెనక ఆమె ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి అదీ వినిపించలేదు. తిరిగి చూస్తే, మోకాళ్ళ మీద కూర్చుని, కవరు వెనక అరచెయ్యి ఆనించి ఉంది. కాలినట్టు వెనక్కి లాక్కుంది.

"ఇది తీయరా?"

"ఎందుకు తీయడం? తీయక్కర్లేకుండానేగా కుట్టారు."

"ఎవరు చెప్పారు?"

"మీ అత్తగారే."

తెర నల్లబడింది. గాలి ఆగిపోయింది. గదిలో ఇద్దరమే మిగిలాం. ఆమె నాడాలు ఒక్కొక్కటే విప్పి, కవరుని ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర దారం మీద వేలు రాస్తూ కూర్చుంది. ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"దుమ్ముకి అడ్డం కదా, ఆపేశాక కప్పుకుంటారనుకున్నాను. పనిచేస్తుంటే కూడా... ఊపిరి వదిలే వైపు మూసేసి ముడి వేసింది. ఎంత చక్కగా వేసిందో చూడండి, ఒక్క సందు లేదు."

"చెప్పేస్తే సరిపోతుందిగా."

"ఏమని? మీ చేతి పని నా షాపు ముంచుతోందనా? అది కుడుతుంటేనే ఆవిడ లేచి కూర్చుంటోందన్నయ్యా. గోడవైపు పడుకున్న ఆ నెలలు మీరు చూడలేదు."

ఆమె చెప్పలేదు. అందరికీ గుట్టుగా ఫోన్లు చేసింది. కవరు తీసేయండి, ఆవిడతో మాత్రం అనకండి అని. మిషన్లు ఆగడం మానేశాయి. అత్తగారు కొత్త కవర్లు కుడుతూనే ఉంది. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అని రిపేరమ్మ రోజులు నెట్టింది. నేను వెళ్ళినప్పుడల్లా కళ్ళతోనే ఇంకా లేదని చెప్పేది.

అలా నెట్టడంలోనే దెబ్బతింది. కాలేజీ గుమాస్తా ఒక మూట తెచ్చి గుమ్మంలోనే దింపాడు. అతనికీ ఫోను వచ్చింది. అయితే రెండో మాట అతని చెవిన పడలేదో, మర్చిపోయాడో. అత్తగారు గుమ్మం దగ్గరే ఉంది.

"ఇవి మాకొద్దండీ. ఇన్నాళ్ళూ మా కొంప ముంచింది ఇవేనట!"

అన్నాక ఎదుటి ముఖం చూశాడు. నాలిక కరుచుకుని, కాలేజీ టైమవుతోందని వెళ్ళిపోయాడు. పెద్దావిడ కింద కూర్చుంది. కవర్లను ఒక్కొక్కటే తీసి, నలిగినచోట అరచేత్తో సాపు చేసి, నాలుగు మడతలు పెట్టి దొంతరగా పేర్చింది. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

ఇదంతా రిపేరమ్మ తర్వాత చెప్పింది. నేను వెళ్ళేసరికి ఇల్లు సగం గొంతుతో ఉంది. ముందుగదిలో ఫ్యాన్ల గాలి. లోపల్నుంచి ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం గాలి కంటే గట్టిగా వినిపించింది.

"అన్నం?"

"తింటోంది, నేను పెడితే. కవర్ల సంగతి తెలిశాక కాలేజీవాళ్ళు సగం మిషన్లు పెద్ద షాపుకి ఇచ్చేశారు. పోనీలెండి. మిగిలిన సగం చేయడానికే ఓపిక లేదు" అంది. స్క్రూడ్రైవరుని బల్ల మీద ఊరికే దొర్లిస్తోంది.

"ఏమైనా మాట్లాడి చూశారా?"

"వేడెక్కి ఆగిపోయినదాన్ని వెంటనే నొక్కకూడదన్నయ్యా. నొక్కినకొద్దీ మొరాయిస్తుంది. చల్లారనివ్వాలి. అదొక్కటే తెలుసు నాకు."

ఆ మధ్యాహ్నం ఆమె ఒక డబ్బాని తీసుకెళ్ళి మంచం పక్క స్టూలు మీద పెట్టి ఆన్ చేసింది. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. ఆమె అత్తగారి చేతిని పట్టుకుని, డబ్బా వెనక జాలీ దగ్గర పెట్టింది.

"ఇటు చూడండత్తయ్యా. ఇక్కణ్ణుంచే ఊపిరి వదులుతుంది."

చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. పెద్దావిడ తల తిప్పలేదు. గోడకే చెప్పినట్టు అంది.

"వెచ్చగా ఉంది."

"ఊ."

"మరి ముక్కూ నోరూ మూసి కుట్టానన్నమాట."

"మీకేం తెలుసు."

"నాకు తెలీదు. నీకు తెలుసుగా? ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. వీటి వీపు ఎటో ఒక్కసారి చూపించావా? కుట్టనీలే ముసల్దాన్ని, పొద్దుపోతుందని వదిలేశావు. ఆఖరికి ఆ గుమాస్తా చెప్పాలా నాకు?"

రిపేరమ్మ మంచం అంచున కూర్చుని, తన చేతిని కూడా ఆవిడ చేతి పక్కనే జాలీ దగ్గర పెట్టింది. కోపమో, వేడో, రెండు చేతుల మధ్య నుంచి మెల్లగా పోతున్నట్టుంది. ఇద్దరూ అలసిపోయి ఉన్నారు. నేను ముందుగదిలోకి వచ్చేశాను.

తర్వాత ప్రెస్సువాళ్ళు నన్ను వేరే ఊళ్ళో ఉన్న ఆఫీసుకి రమ్మన్నారు. దారిలో కుదుపులకి ఏ వైరూ ఊడకుండా బిగించమని ఆఖరిసారి సీపీయూ తీసుకెళ్ళాను. ఆమె బిగించి, మూతకి మరలు వేసింది. కుట్టుమిషను అప్పటికింకా మౌనంగానే ఉంది. మడతల దొంతర మూలన అలాగే ఉంది, దాని మీద సన్నగా దుమ్ము.

డబ్బా ఎత్తుకోబోతుంటే లోపల చక్రం తిరిగిన చప్పుడైంది. ఒక చుట్టు. ఆగింది. మళ్ళీ ఒక చుట్టు, ఇంకొంచెం దూరం. ఆగింది. రిపేరమ్మ చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి ఆ గుమ్మం వైపు చూడకుండా నిలబడ్డాం. ఆమె నా దగ్గరికి జరిగి, చప్పుడు కాకుండా అంది.

"కవరు కావాలని మీరు అడగకండన్నయ్యా. ఆవిడే ఇస్తే మాత్రం వద్దనకండి. ఇంటికెళ్ళి, ఆపేశాక కప్పుకుందురుగాని."