తాండూరు మీటింగులో ఒక్క వరుస

కరోనా సద్దుమణిగిన రెండో ఏడు. వికారాబాద్‌లో ఒక అద్దె ఇంటి మేడ మీద మా సర్వే ఆఫీసు ఉండేది. జిల్లాలో అరవై దాటినవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన మాది. బీపీ, చూపు, చేతి పట్టు, తిండి, అన్నీ అడిగేవాళ్లం. ఇంటింటికీ తిరిగేది ఫీల్డ్ సిబ్బంది, వాళ్లు తెచ్చిన డేటాకు కాపలా నేను. ఈ పనిలో డేటా షేరింగ్ అని ఒకటుంటుంది. ఇంత కష్టపడి సేకరించింది మా కంప్యూటర్లోనే మూలుగుతుంటే ఎవరికి లాభం? అందుకని పేర్లు, ఇంటి నంబర్లు తీసేసి ఇతర పరిశోధకులకు ఇస్తాం. అలా తీసేయడాన్ని డీ-ఐడెంటిఫికేషన్ అంటారు. పేరు పోయింది కదా, ఇక భయమేముంది అనుకుంటారు చాలామంది. పల్లె తెలియనివాళ్ల ధీమా అది.

ఊరి పేరు చెప్పను. తాండూరు దగ్గర, బండల క్వారీల పక్కన అనుకోండి. ఆమెను బీరమ్మ అందాం. ఇంకొన్ని గుర్తులు కూడా మార్చాను. ఎనభై దాటిన మనిషి, గొర్లు కాసిన ఇల్లు. కొడుకులు వేరుపడ్డాక తల్లిని వంతులు వేసుకున్నారు. ఒక్కో నెల ఒక్కో కొడుకు ఇంట్లో తిండి. మీరు ఎవరి దగ్గర ఉంటారు అనే మామూలు ప్రశ్నకు ఇలాంటివాళ్ల దగ్గర జవాబు ఉండదు. అందుకే మా వాళ్లు ప్రశ్నల్లో 'వంతు' అని ఓ గడి కొత్తగా చేర్చారు.

ఇంట్లోవాళ్లను బయటికి పంపి అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. తిండి సరిగా పెడుతున్నారా అని. మా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ శ్యామల అది అడిగితే, బీరమ్మ తలుపు వైపు చూసుకుని, పెద్దోని వంతు వస్తే ఒక్క పూటే అని గొంతు తగ్గించి చెప్పిందట. నీ పేరు బయటికి రానివ్వమని శ్యామల మాటిచ్చింది.

మా డేటా తీసుకున్న హైదరాబాద్ పరిశోధకుడు ప్రవీణ్ సార్ తన ఫలితాలు ముందు జిల్లావాళ్లకే చూపించాలని తాండూరులో మీటింగ్ పెట్టారు. మంచి ఆలోచనే. ఆరోగ్య కార్యకర్తలు, పంచాయతీ సభ్యులు వచ్చారు. బస్సు ఆలస్యమై నేను చేరేసరికి హాలు నిండిపోయింది. మొదలయ్యేలోగా నేను సార్ ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు తిప్పి చూస్తుంటే ఒకచోట ఆగిపోయాను. ఊళ్లవారీ పట్టిక. ఆ ఊరి వరుసలో ఎనభై దాటిన ఆడవాళ్లు ఒకరు. వంతు మీద తినేవాళ్లు ఒకరు. తిండి చాలడం లేదన్నవాళ్లు ఒకరు.

ఆ స్లైడు తీసేయండి సార్ అన్నాను. పేర్లు లేవు కదా మేడమ్ అన్నారాయన చిరాగ్గా. పేరెందుకు, ఆ ఊళ్లో ఎవరినడిగినా ఇది ఫలానా ముసలమ్మ అని చెప్పేస్తారు అన్నాను. ఈలోగా మైకులో పిలిస్తే, తర్వాత మాట్లాడదాం అని వెళ్లిపోయారు. ఒళ్లు మండిపోయింది నాకు. తర్వాతేముంది, నా మొహం!

తిరిగి చూస్తే ముందు వరుసలో తెల్ల చొక్కాతో బీరమ్మ పెద్దకొడుకు. వార్డు మెంబరు. ఈ నెల వంతు కూడా అతనిదేనని, నాకంటే ముందే వచ్చి ఉన్న శ్యామల నా చెవిలో చెప్పింది. ఆ పట్టిక చూసి అతను నేరుగా ఇంటికే వెళతాడు. అక్కడ ఆమె అతను పెట్టే అన్నం కోసం కూర్చుని ఉంటుంది.

బీపీ అయింది. చూపు అయింది. ఆయన మీట నొక్కినప్పుడల్లా వచ్చేది ఏ స్లైడా అని చూస్తున్నాను. చేతి పట్టు కూడా అయిపోతే మిగిలింది తిండే. ఇక ఆగలేక లేచి వెళ్లి మైకు లాక్కున్నాను. చాయ్ వచ్చింది, అందరూ తాగి రండి అన్నాను. చాయ్ లేదు, పాడూ లేదు. కానీ మన మీటింగుల్లో చాయ్ అంటే కూర్చునేదెవరు? హాలు ఖాళీ అయింది. చాయ్ తెమ్మని శ్యామలను హోటల్‌కు పరిగెత్తించాను.

ప్రవీణ్ సార్ మొహం ఎర్రబడింది. ఏదో అనబోతుంటే కిటికీలోంచి తెల్ల చొక్కాను చూపించాను.

"ఆమె కొడుకు అతనే సార్. ఈ రాత్రి ఆమె తినాల్సింది అతని ఇంట్లోనే."

ఆయన ఒకసారి బయటికి చూసి, మారుమాట లేకుండా ఊళ్లన్నీ కలిపి ఒకే లెక్క చేశారు. అలా కలిపితే తిండి చాలనివాళ్లు ఎంత చిన్న భాగమయ్యారంటే, ఆ స్లైడును ఒక్క మాటతో దాటేశారు. హమ్మయ్య అనుకున్నాను. తిరుగు బస్సులో హాయిగా నిద్ర కూడా పోయాను.

కొన్నాళ్లకు మిగిలిన పరీక్షల కోసం ఆ ఊరు వెళ్లాం. బీరమ్మ అరుగు మీద ఒక్కతే ఉంది. నువ్వు చెప్పింది ఎవరికీ తెలియనివ్వలేదు అవ్వా అన్నాను, కాస్త గొప్పగానే. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీ మీటింగుకు మా పెద్దోడు గుడ వచ్చిండు గద బిడ్డా. మన దిక్కు ముసలోళ్లంత మంచిగనే తింటున్నరని చెప్పిన్రట. వాడకట్టంత చెప్పుకుంట తిరిగిండు."

నేను ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాను.

"నా పేరు తీసేసిన్రు, మంచిగ చేసిన్రు. నేను తింటలేనన్న మాట గుడ ఎందుకు తీసేసిన్రు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఊరు దాటగానే ప్రవీణ్ సార్‌కు ఫోన్ చేశాను. ఈసారి ఆయన వాదించలేదు. ఊళ్ల పేర్లు, వయసుల విడివిడి లెక్కలు లేకుండానే, తిండి సంగతి రిపోర్టు మొదటి పేజీలో పెట్టాం. ఇప్పుడు ఏ ఫైలు బయటికి పంపాలన్నా పేర్లు పోయాయా అని చూసి, ఆ మనుషులు చెప్పిన మాట మిగిలిందా అని మళ్లీ చూస్తాను. రెండోది ఏ ట్రైనింగులోనూ నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ ఊళ్లో వయసు మళ్లినవాళ్లందరినీ ఆరోగ్య కార్యకర్త నెలనెలా తూకం వేసేలా కూడా మాట్లాడాం. బీరమ్మ ఒక్కదాన్నే వేస్తే మళ్లీ గుర్తుపడతారు కాబట్టి, అందరినీ. కొన్ని నెలలు పోయాక, పెద్దోడు ఇప్పుడు పెడుతున్నాడా అని అడిగాను.

"తూకం నాడైతే కడుపు నిండ పెడుతుండు బిడ్డా" అంది.

తూకం ఏ రోజో ముందుగా చెప్పడం ఆ నెల నుంచే మానేశాం.