పద్నాలుగో పేజీలో ఒక పదం

ఆ మధ్యాహ్నం పంజగుట్టలోని మా డీటీపీ షాపులో ఉన్నవాళ్లు నలుగురు. షాపు ఓనరు గారు. ఒక జిల్లా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సెక్షన్ ఆఫీసరు. అక్కడి ఎమ్మెల్యే అనుచరుడు. నేను. ఉన్న వస్తువులు: రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, నాలుగు చాయ్ గ్లాసులు, నలభై పేజీల ప్రూఫు. ఉండాల్సి ఉండీ లేనివారు ఒకరు. ఆమె అరగంట ముందే ప్రతి పేజీ చదివి, సంతకం పెట్టి, మూడు గంటల బస్సు తప్పిపోతుందని వెళ్లిపోయారు.

ఈ జాబితాను ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే మధ్యలో ఆపి, అది నీ తప్పు కాదులే అంటారు. ఆ మాట వినాలని లేదు. అది నా తప్పే.

అప్పుడు నాకు ఇరవై మూడు. బీటెక్ అయిపోయింది, ఉద్యోగం లేదు. ఉదయం అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు, పదకొండు నుంచి పంజగుట్టలో ఈ షాపు. అక్కడ పుస్తకాలూ కరపత్రాలూ కంప్యూటర్‌లో కూర్చి ప్రెస్సుకు పంపేవాళ్లం. మా కోర్సు బ్యాచ్‌లో ముప్పై ఆరు మంది. అందులో సగం మంది చేయని ఉద్యోగాలకు దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు సంపాదించుకునే పనిలో ఉన్నారు. నాకు అది గిట్టేది కాదు. నాది అసలైన అనుభవం, అసలైన లెటర్ అని గర్వపడేవాణ్ణి. ఈ గర్వాన్ని గుర్తుపెట్టుకోండి.

విశ్వవిద్యాలయం వాళ్లు ఏటా ప్రగతి నివేదిక వేస్తారు. ఆ ఏడు పని మాకొచ్చింది. ఎన్ని కోర్సులు పెట్టారు, ఎందరు పాసయ్యారు, ఏ భవనం ఎంతవరకు వచ్చింది అనేవి అందులో ఉండాలి. ఉన్నాయి కూడా, ఫొటోల మధ్య ఖాళీల్లో. నలభై పేజీల్లో మొత్తం ఫొటోలు యాభై రెండు. ఎమ్మెల్యే ఉన్నవి ముప్పై ఒకటి. విద్యార్థులు ఉన్నవి నాలుగు, అందులో రెండింటిలో వాళ్లు ఎమ్మెల్యేకి పూలదండ వేస్తున్నారు. లెక్కపెట్టడం నా అలవాటు. అప్పుడు లెక్కపెట్టి నవ్వుకున్నాను. ఇప్పుడు ఒళ్లు మండుతుంది. ఎవరి ప్రగతి అది?

ప్రూఫు చూడటానికి వచ్చినావిడ అక్కడ తెలుగు చెప్పే కాంట్రాక్టు లెక్చరరు. తొమ్మిదేళ్ల సర్వీసు. చేనేత ఊరి మనిషి, నేత చీర, భుజాన గుడ్డసంచి. ఎర్ర పెన్నుతో ఒక్కో వాక్యం కింద చిన్న టిక్కు పెట్టుకుంటూ పోయారు. ఒక చోట ఆగి, "బాబూ, 'భవనం నిర్మించారు' అంటే నడుస్తుందేమో గానీ నాకు 'భవనాన్ని' అని ఉండాలి. జర మార్చు" అన్నారు. అలాంటివి పదకొండు దిద్దారు. పదకొండూ మార్చాను. చివర ఒక చీటీ మీద 'పరిశీలించాను, అచ్చుకు ఇవ్వవచ్చు' అని రాసి సంతకం చేశారు. ఆ చీటీ సెక్షన్ ఆఫీసరు జేబులోకి వెళ్లింది. టిక్కులున్న ప్రూఫు నా దగ్గర ఉండిపోయింది.

ఆమె వెళ్లాక అనుచరుడు పద్నాలుగో పేజీ దగ్గర ఆగాడు. అది బాలికల హాస్టల్‌కు ముగ్గు పోసిన రోజు ఫొటో. ఎమ్మెల్యే చేతిలో గడ్డపార, వెనక ఖాళీ స్థలం. చుట్టుపక్కల మండలాల ఆడపిల్లలకు ఆ హాస్టలే దిక్కు. అది ఉంటేనే ఇళ్లలో పైచదువుకు పంపుతారు. ఫొటో కింద ఇలా ఉంది: 'బాలికల వసతి గృహం పనులను ప్రారంభిస్తున్న స్థానిక శాసనసభ్యులు'.

"ఏంది తమ్మీ గిది? అన్న మొకం పోస్టు బిళ్లంత పెట్టినవ్?"

"ఫొటో పెంచితే కింద ఒక్క లైన్‌కే చోటు మిగులుతుందండీ, వాక్యం రెండు లైన్లుంది. పేజీ పట్టదు."

"వాక్యం ఎవడు చదువుతడు? అన్నను చూస్తరు."

"ఫాంట్ తగ్గించవయ్యా," అన్నారు ఓనరు గారు.

"ఇప్పటికే ఎనిమిది పాయింట్లు సార్. ఇంకా తగ్గిస్తే ఒత్తులు పూడుకుపోతాయి." ఆగి, నేనే అన్నాను: "ఒక పదం తీసేస్తే సరిపోతుంది. 'స్థానిక' తీసేద్దామా?"

అనుచరుడు ఇంతెత్తున లేచాడు. "స్థానిక తీస్తవా? ఆ దినం పక్క నియోజకవర్గపాయన సుత వచ్చిండు. రేపు ఆయన చేసిండంటరు! నీకేం ఎరుక బై మా ఊరి సంగతి?"

సెక్షన్ ఆఫీసరు గ్లాసులో మిగిలిన చాయ్ తాగేసి, "ఇంకో పదం తీయ్ తమ్మీ. ఏది తీస్తవో నువ్వే చూస్కో. నాకు సాయంత్రంలోపల ప్రెస్సుకు పోవాలె" అన్నాడు.

"మేడమ్ సంతకం అయిపోయింది కదా సార్?"

"అయింది గద! ఇగ ఫికర్ ఏమున్నది?"

ఫొటో పెంచాను. ముఖానికి దగ్గరగా కత్తిరించాను. గడ్డపార ఫ్రేము బయటికి పోయింది. ఖాళీ స్థలం కూడా పోయింది. ఇక వాక్యం. 'పనులను' మీద కర్సర్ పెట్టాను. తీసేశాను. బాలికల వసతి గృహం ప్రారంభిస్తున్న స్థానిక శాసనసభ్యులు. ఒక్క లైన్‌లో కుదిరింది.

"ఇగో, గిప్పుడు మస్తుంది," అని అనుచరుడు నా వీపు తట్టాడు. సెక్షన్ ఆఫీసరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. వాచీ చూసుకున్నాడు.

నాకు తెలియదా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నానో. తొందరలో చూసుకోలేదని, కుదరాలన్న ధ్యాసే తప్ప అర్థం తట్టలేదని చాలాకాలం చెప్పుకున్నాను. అబద్ధం. ఆ పదం ఉంటే హాస్టల్ ఇంకా పునాది, లేకపోతే హాస్టల్ తయారైపోయింది. కర్సర్ అక్కడ పెట్టినప్పుడే తెలుసు. తెలిసి, వాళ్లకు నచ్చుతుందని కూడా తెలిసి, తీశాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. వీపు మీద ఒక చెయ్యి పడింది, అంతే.

ఆ పుస్తకం ఊరూరా వెళ్లింది. హాస్టల్ అయిపోయిందని నాయకులు సభల్లో చెప్పారు. కొత్త అడ్మిషన్ల వేళకు తల్లిదండ్రులు ఆడపిల్లల్ని పెట్టెలతో సహా తీసుకొచ్చారు. అక్కడున్నవి పునాదులు, పైకి లేచిన ఇనుప చువ్వలు. వాళ్లు పాలనా భవనం మెట్ల మీద పద్నాలుగో పేజీ తెరిచి పట్టుకుని కూర్చున్నారు. విశ్వవిద్యాలయం ఇచ్చిన జవాబు ఒక్క మాట: అచ్చుతప్పు.

అచ్చుతప్పట! యంత్రం తనంతట తానే ఒక పదాన్ని ఎంచుకుని మింగేసిందట. గడ్డపారను కూడా అదే మింగిందా? సంవత్సరమంతా ఆ నాయకుడి వెనక కారు తలుపులు తీసిన పెద్దమనుషులకు, ఆ పునాది పక్కనుంచే రోజూ ఆఫీసుకు పోయేవాళ్లకు, పుస్తకం చూసినప్పుడు అనుమానం రాలేదు. పిల్లలు పెట్టెలతో వచ్చాక మాత్రం తప్పు ఎవరిదని విచారణ పెట్టారు. విచారణకు దొరికింది ఒక చీటీ. 'పరిశీలించాను, అచ్చుకు ఇవ్వవచ్చు.'

ఆమె మళ్లీ మా షాపుకు వచ్చారు. ఎండవేళ. ఓనరు గారు లేరు. నా ఎదుటి కుర్చీలో కూర్చుని సంచిలోంచి అచ్చు పుస్తకం తీశారు.

"బాబూ, నేను టిక్కులు పెట్టిన ప్రూఫు మీ దగ్గర ఉంటది గదా? పద్నాలుగో పేజీ ఒక్కటి చాలు. జిరాక్స్ తీయించుకొని ఇచ్చేస్త."

ప్రూఫు నా కుర్చీ వెనక రెండో అరలో, ఆకుపచ్చ ఫైలులో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"పని అయిపోయాక ప్రూఫులు ఉంచం మేడమ్. పారేశాం."

ఆమె తలూపారు. లేవలేదు. పేజీ నా వైపు తిప్పి వాక్యం కింద గోరు పెట్టారు. "చూడు. 'వసతి గృహం ప్రారంభిస్తున్న' అట. నేను చూసుంటే 'గృహాన్ని' అని ఉండకపోవునా? నా తర్వాత ఎవరో చెయ్యి పెట్టిన్రు. వాళ్లకు తెలుగు రాదు. ఈ మాట నేను చెప్తే అక్కడ ఎవరూ వింటలేరు బాబూ."

నేను వింటున్నాను. నాకు అర్థమవుతోంది. పదం తీసినవాడికి విభక్తి చేర్చాలని కూడా తెలియలేదు. వేలిముద్రలాగా అది అక్కడ మిగిలిపోయింది. అది నాదని ఆమెకు తెలిసిందా? నా ముఖంలోకి కొంచెంసేపు చూశారు. తర్వాత "మంచిది, పనిలో ఉన్నట్టున్నవ్" అని లేచారు. మెట్లు దిగి అమీర్‌పేట వైపు నడిచి వెళ్లారు. కిటికీలోంచి చూశాను. పిలవడానికి ఆమె కనబడినంతసేపు సమయం ఉంది.

ఎందుకు ఇవ్వలేదు? ఆ వారంలోనే ఒక కంపెనీ వాళ్లు నా అనుభవం నిజమేనా అని ఓనరు గారికి ఫోన్ చేయాల్సి ఉంది. ప్రూఫు బయటికొస్తే విశ్వవిద్యాలయం పని షాపు నుంచి పోతుంది. ఓనరు గారు నా గురించి ఏం చెబుతారు? ఇంతే లెక్క. ఇటు నా అసలైన ఎక్స్‌పీరియన్స్ లెటర్, అటు ఆమె తొమ్మిదేళ్లు. దొంగ లెటర్లు పెట్టుకున్న నా స్నేహితులు ఎవరి కూడూ తీయలేదు. నేను నిజమైన లెటర్‌తో ఆ పని చేశాను.

ఫోన్ వచ్చింది. ఓనరు గారు బాగా చెప్పారు. ఉద్యోగం వచ్చింది. నేను షాపు మానేసే వారంలో సెక్షన్ ఆఫీసరు మరుసటి ఏడాది నివేదిక పట్టుకొచ్చాడు. ప్రూఫుకు మేడమ్ ఎప్పుడొస్తారని అడిగాను. "మేడమ్ లేదు ఇగ. కాంట్రాక్టు పొడిగించలే. ఈసారి ప్రూఫ్ నేనే చూస్త, నీకు సుత అలకగ అయితది" అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు నా ఉద్యోగం తప్పులు పట్టుకోవడం. అందుకే జీతమిస్తారు. మొన్న ఒక తెర మీద తప్పు మాట ఉందని చెబితే మా టీములో ఒకడు, "ఒక్క పదమే కదా బాస్, తర్వాత చూద్దాం" అన్నాడు. అందరి ముందూ వాడి మీద అరిచాను. వాడు బిత్తరపోయాడు. వాడు చేసిన నేరం ఏముంది? ఆ మాట నేను నాకు ఎనిమిదేళ్లుగా చెప్పుకుంటున్నదే. ఒక్క పదమే కదా.

షాపు మానేసిన రోజు ఆకుపచ్చ ఫైలు నాతో తెచ్చుకున్నాను. ఆమెకు చెప్పిన అబద్ధాన్ని నిజం చేయడానికైనా దాన్ని చింపలేకపోయాను. పంపనూ లేదు. ఆమె ఊరు తెలుసు, వీధి కనుక్కోవచ్చు. ఇప్పుడు పంపితే ఎవరి కోసం పంపినట్టు? ఆమె కోసమా, నేను నిద్రపోవడం కోసమా? నాకు జవాబు తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించే హక్కు మీకు లేదు. ఎవరో ఒకరికి ఇది తెలిసి ఉండాలి, అంతే. చెప్పాక ఛాతీలో కొంచెం ఖాళీ ఏర్పడింది. అది నాకు దక్కాల్సింది కాదని తెలుసు.

కాగితం ఇప్పుడు నా ముందుంది. పద్నాలుగో పేజీ. ఎర్ర టిక్కు ఇంకా వెలిసిపోలేదు. ఆమె సంతకం పెట్టినప్పుడు ఆ వాక్యంలో పదాలు ఏడు. అచ్చయిన పుస్తకంలో ఆరు.