కొవ్వూరు లాంచీ వేళ

మొన్న తునిలో పెళ్ళి చూసుకుని రైల్లో రాజమండ్రి వస్తున్నాను. పక్క సీట్లో కాలేజీ అమ్మాయి ఫోన్లో కొరియా సినిమా చూస్తోంది. ఇంకొకరి ఫోన్లోకి తొంగిచూడటం మర్యాద కాదని తెలుసు, కానీ నా కళ్ళు నా మాట ఎప్పుడు విన్నాయి కనక! తెర మీద ఒకావిడ చేతిలో దీపంతో మేడమెట్లు దిగుతోంది. కింద మొగుడు బోర్లా పడి ఉన్నాడు. గోడ మీద కిటికీ ఊచల నీడలు చారలు చారలుగా పడ్డాయి. ఆవిడ మూడో మెట్టు మీద ఆగుతుందని నాకు ముందే తెలుసు. ఆగింది. ఇదంతా మా అత్తగారి చలవ.

అత్తగారు కొవ్వూరుకి కాపురానికి వచ్చేటప్పటికి గోదావరి మీద రోడ్డు బ్రిడ్జి లేదు. మావగారు కొత్త పెళ్ళాన్ని లాంచీ ఎక్కించి రాజమండ్రిలో మ్యాట్నీకి తీసుకెళ్ళేవారట. ఆఖరి లాంచీ సినిమా అయిపోయేదాకా ఆగదు. అందుకని హాల్లో ఉన్న కొవ్వూరు వాళ్ళందరూ చివరి రీలుకి ముందే ఒక్కుమ్మడిగా లేచిపోయేవారు. "కొవ్వూరోళ్ళు లేచారండోయ్, ఇంక హంతకుడు దొరికిపోతాడు" అని వెనక బెంచీల వాళ్ళు నవ్వేవారట. మావగారికి ఇందులో ఏ లోటూ కనబడలేదు. "ఆఖర్న అందరూ వరసగా నిలబడి నవ్వుతారు, శుభం అని పడుతుంది. దానికోసం గోదారి ఈదాలా?" అనేవారు. మిగతా కథ అవతలి ఒడ్డు చుట్టాలెవరో చెబితే వినాల్సిందే. ఒక్క సినిమాకి మాత్రం చెప్పేవాళ్ళు దొరకలేదు. ఆ బొమ్మ వారం తిరక్కుండానే ఎత్తేశారు. అందులో జమీందారు మెట్ల కింద చచ్చి పడుంటాడు, భార్య లాంతరుతో దిగుతుంది, శవం పక్కన ఆవిడ కుంకుమ భరిణె దొరుకుతుంది. చంపింది ఆవిడేనా కాదా అని తేలబోయే వేళకి మావగారు లేచి నిలబడ్డారు.

లాంచీలోనే మొగుడూ పెళ్ళాలకి తగువు. "ఆ చూపు చూశావా? చంపే ఉంటుంది" అని ఆయన. "చంపలేదండి. భయపడిందంతే" అని ఈవిడ. మొగుడికి ఎదురు చెప్పడం ఆవిడకి అదే మొదలట. ఆ తగువు ముప్పై ఏళ్ళు నడిచింది. పులుసులో కారం ఎక్కువైతే "లాంతరు పట్టుకొచ్చి నన్ను కూడా చంపేస్తావా ఏంటి?" అనేవారాయన. మేమందరం నవ్వేవాళ్ళం, ఆవిడ నవ్వేది కాదు. ఇల్లు కట్టడం దగ్గర్నించి పిల్లల పెళ్ళిళ్ళ దాకా ఆ ఇంట్లో ఆయన మాటే నెగ్గింది. ఈ ఒక్క విషయంలోనైనా "నువ్వన్నదే నిజం" అని ఆయన నోట వినాలని ఆవిడ కోరిక.

తొంభైల్లో నేను రోజూ బస్సులో బ్రిడ్జి దాటి రాజమండ్రి స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. అక్కడ ఒక ఇంగ్లీషు లెక్చరరు గారు ఆదివారం పొద్దుటిపూట పాత విదేశీ సినిమాలు వేసేవారు. ఓసారి తోడుంటుందని అత్తగారిని తీసుకెళ్ళాను. అమెరికా బొమ్మ, నలుపూ తెలుపూ. కాసేపటికి ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు దీపం పట్టుకుని దిగుతుంది చూడు." దిగింది. "మూడో మెట్టు మీద ఆగుతుంది." ఆగింది. శవం పక్కన భరిణె బదులు సిగరెట్టు పెట్టె దొరికింది, అంతే తేడా. ఇంగ్లీషు ముక్క రాని మా అత్తగారు హాలీవుడ్డు కథని ఒక సీను ముందే చెబుతుంటే నేను తెర మానేసి ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఇంక నాకు తెలీదమ్మా. ఇక్కడే లాంచీకి లేచాం" అంది.

చంపింది ఆవిడే. చేతులకి బేడీలు వేస్తుంటే కూడా తల దించలేదు.

లెక్చరరు గారు విషయం విని ఆశ్చర్యపోయారు. మన తెలుగు సినిమావాళ్ళు చూసింది ఇదేనండి, చీరకట్టి తెలుగు చేశారు అన్నారు. ఆ చీకటీ ఆ నీడలూ కూడా అమెరికా వాళ్ళ సొంతం కాదట, జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్నారట. అత్తగారు చాలాసేపు ఆలోచించి, "ఎక్కడో నాసిక్కులో వాన పడితే మన రేవులోకి ఎర్రనీళ్ళు రావుటండీ, అలాగన్నమాట" అంది. ఆయన రెండు చేతులూ జోడించారు.

ఇంటికెళ్ళగానే పడక్కుర్చీలో ఉన్న మావగారితో దాచకుండా చెప్పేసింది. "మీరే గెలిచారండి. చంపింది." ఆయన సంబరం చూడాలి! పాలవాడికి కూడా చెప్పారు. ఆవిడ ఆ పూట అన్నం సరిగా తినలేదు. రెండేళ్ళకి ఆయన పోయారు.

తరవాత కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం, మేమిద్దరం చిక్కుడుకాయలు వలుచుకుంటుంటే, టీవీలో ఆ తెలుగు బొమ్మ వేశారు. ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. లాంతరు, మూడో మెట్టు, భరిణె. లాంచీ వేళ దాటింది. హంతకుడు జమీందారు తమ్ముడు! భరిణె తెచ్చి అక్కడ పడేసింది వాడే. భార్య ఏ పాపమూ ఎరగదు. ఆఖర్న అందరూ వరసగా నిలబడి నవ్వారు, శుభం పడింది. అత్తగారు లేచి గోడ మీది మావగారి ఫోటో దగ్గరికెళ్ళి కొంగుతో అద్దం తుడిచింది. "చూశారా అండీ, మన తెలుగులో చంపలేదండి" అంది. కాసేపు అక్కడే నిలబడి, "ఆ ఒక్కరోజూ లాంచీ పోతే పోనిచ్చుండాల్సిందండి" అంది. నేను చిక్కుడుకాయల మీదికి తల వంచేసి ఏడ్చాను.

రైల్లో కొరియా పోలీసుకి శవం పక్కన ఆవిడ సెల్‌ఫోను దొరికింది. అంతలో రాజమండ్రి వచ్చింది, నేను సంచీ అందుకున్నాను. "ఎండింగ్ చూడరా ఆంటీ?" అని నవ్వింది ఆ అమ్మాయి, నా దొంగచూపులు ఎప్పుడో కనిపెట్టేసినట్టుంది. "దిగాలమ్మా, స్టేషనొచ్చేసింది" అన్నాను. లాంచీలు పోయి ఎన్నేళ్ళయిందో, బ్రిడ్జి మీద బస్సు అర్ధరాత్రయినా దొరుకుతుంది. అయినా కథ తేలకుండానే లేచిపోవాల్సిన వేళ మనిషికి వస్తూనే ఉంది.