నలభైఐదు చుట్ల పాట

మా బావ నోట్లోంచి ఒక రికార్డు బాగుందన్న మాట రావడం అంత తేలిక కాదు. మా అక్కని మొదటిసారి చూసినప్పుడు కూడా "ఫర్వాలేదు" అన్నాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం. ఇరవైరెండేళ్ళుగా ఆయనది రికార్డుల దుకాణం, పక్కగదిలో నాది కుట్టుమిషను. మధ్య గోడ పలచన. ఆయన వినేదంతా నేనూ వినాల్సిందే, ఇష్టమున్నా లేకపోయినా.

రేడియోవాళ్ళు గడప తొక్కనివ్వని పాటల బృందాలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. సొంతంగా చేయించుకున్న రికార్డులు తెచ్చి బల్లమీద పెడతారు. బావ తలుపు దగ్గరగా వేసి, కళ్ళు మూసుకుని రెండు వైపులా వింటాడు. నచ్చితే అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి అరకి గుచ్చుతాడు. జనం రికార్డు కంటే ముందు ఆ అట్ట చదువుతారు. శనివారం సాయంత్రాలు దుకాణం కింద నేలమాళిగలో ఆ బృందాలే వాయిస్తాయి. "నా రాత ఒక్కసారి తప్పయిందంటే చాలు మరదలా, ఈ అట్టలన్నీ పీకేసి దుకాణం కట్టేస్తాను" అనేవాడు. అన్నంత పనీ చేసే మనిషి.

ఆమధ్య పోస్టులో పెద్ద సైజు రికార్డుల కట్ట ఒకటి వచ్చింది. బావ విన్నాడు. గోడకి ఇవతల నేనూ విన్నాను. నింపాదిగా డ్రమ్ము, దాని మీద జీరగా, బరువుగా ఒక ఆడగొంతు. నా చేయి దానంతటదే మిషను ఆపేసింది. బావ అట్ట మీద ఇలా రాశాడు: "తొందరంటే తెలియని పాట. ఎన్నో చూసిన గొంతు. కూర్చుని వినండి." రెండు వారాల్లో కట్ట మొత్తం ఖాళీ. ఎదురు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మగారైతే డ్యూటీ దిగి రోజూ అదే వింటున్నానంది. బావ ఆ బృందాన్ని రమ్మని ఉత్తరం రాశాడు.

శనివారం మూడింటికి ముగ్గురు అమ్మాయిలు దిగారు. అందరిలోకీ పెద్దదానికి ఇరవై ఉంటాయేమో.

"పాడే పెద్దావిడ ఎక్కడమ్మా?" అన్నాడు బావ.

"నేనే అంకుల్" అంది ఒక బక్కపిల్ల. తోటివాళ్ళు పిచ్చుక అంటారట. గొంతూ అలాగే ఉంది.

అడిగితే సంగతి బయటపడింది. పెద్ద రికార్డులు నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరుగుతాయి, చిన్నవి నలభైఐదు. శబ్దం స్పష్టంగా ఉంటుందని వీళ్ళు పెద్దదాన్నే నలభైఐదుకి చేయించారు. ఆ మాట దానిమీద వేయించడం మరిచిపోయారు. అంటే మేమంతా వాళ్ళ పాటని ఈడ్చి ఈడ్చి విన్నామన్నమాట! నేను పొట్ట పట్టుకుని నవ్వాను. బావ ముఖం చూశాక నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పాలిపోయి ఉన్నాడు. దుకాణం నిజంగానే కట్టేస్తాడేమోనని భయం వేసింది.

ఐదింటికి నేలమాళిగ నిండింది. బావ మెట్ల మీద నిలబడి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. "తప్పు నాది. నా మాట నమ్మి కొన్నారు. వద్దనుకున్నవాళ్ళు తెచ్చిచ్చి డబ్బు పట్టుకెళ్ళండి" అన్నాడు. ఆ పిల్లలు మొదలుపెట్టారు. అబ్బ, ఏం దూకుడు! రెండో పాటకి నర్సమ్మగారు చెప్పులు విప్పి పక్కన పెట్టి మరీ గెంతింది. నడుంనొప్పి మరిచిపోయి నేనూ గెంతాను.

"ఒక్కటి కొంటే రెండొచ్చాయి, నేనివ్వను పొండి!" అని ఆవిడ అరిస్తే అందరూ ఈలలు వేశారు.

పాటలయ్యాక చూస్తే బావ లేడు. నేనూ పిచ్చుకా పైకి వెళ్ళేసరికి అట్టలు ఒక్కొక్కటే పీకుతున్నాడు.

"ఏంటి బావా ఈ చాదస్తం?"

"చెవే మోసం చేశాక ఇంకేం రాయను?"

"ఆ నెమ్మది పాట నాకొకసారి వినిపించండి అంకుల్" అంది పిచ్చుక.

బావ అయిష్టంగానే ముప్పైమూడుకి పెట్టాడు. ఆ పిల్ల ముందు కిసుక్కున నవ్వింది. కాసేపటికి నవ్వు మానేసి, బల్లకి ఆనుకుని, పాట అయ్యేదాకా కదల్లేదు. దాచుకోవడం దేనికి, నాకు కళ్ళు చెమర్చాయి.

"యాభై ఏళ్ళొచ్చాక నా గొంతు ఇలా ఉంటుందన్నమాట" అంది చివరికి. "మీరు తప్పుగా వినలేదు అంకుల్. ముప్పై ఏళ్ళు ముందుగా విన్నారు, అంతే."

బావ పగలబడి నవ్వాడు, కళ్ళనీళ్ళతో. పీకిన అట్టలన్నీ మళ్ళీ గుచ్చే పని మాత్రం నామీదే పడింది.