మీసాల మునెప్ప కదలాలంటే

నా మాట మొదట తప్పింది మదనపల్లె టమోటా మార్కెట్లో, పొద్దుటి పాట మధ్యలో.

నేను ఒక మండీలో వేలంపాట పాడేవాణ్ణి. క్రేట్ల వరుసల మధ్య నడుస్తూ రేటు పిలవడం, వ్యాపారులు పెంచుతుంటే అందుకోవడం, చివరికి ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అని పాట కొట్టేయడం నా పని. మైకు ముట్టుకునేవాణ్ణి కాదు. నా గొంతు గేటు బయట టీ అంగడి దాకా వినిపిస్తుందని పేరు. మూడోసారి అన్నాక ఆ మాటను వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదు. సరుకు బంగారమైనా, బూజైనా అంతే.

ఆ రోజు నిమ్మనపల్లె రైతు చెంగప్ప క్రేట్ల ముందు నిలబడి రేటు పిలవబోయాను. నోట్లోంచి ఇంకేదో వచ్చింది. తమాషా చేస్తున్నానని అందరూ నవ్వారు, నాకు ఆ పేరు కూడా ఉంది లెండి. మళ్లీ పిలిచాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కుడిచేతిలోని తువ్వాలు జారి కింద పడింది. పడిన సంగతి నాకు తెలియలేదు.

“ఎండ తగిలినట్టుండాది, నీడలో కూర్చోబెట్టండప్పా” అని ఒకరు. “పైత్యం, సోడాలో నిమ్మకాయ పిండి తాగిపించండి” అని ఇంకొకరు. అందరూ మంచివాళ్లే. ఆ మంచితనంతో నన్ను చాలాసేపు నీడలో కూర్చోబెట్టి రెండు సోడాలు తాగించారు. సగం చొక్కా మీదికి కారింది. కబురు విని నా భార్య రమణమ్మ వచ్చి ఒక్క చూపు చూసింది.

“మూతి ఒక పక్కకి పోతాండాది, ఇప్పుడు సోడా కావాల్నా ఈయనకి? ఆటో పిలవండప్పా!”

ఆసుపత్రిలో సి.టి. స్కాన్ తీశారు. “ఇస్కీమిక్ స్ట్రోక్. లెఫ్ట్ సైడ్ బ్రెయిన్‌లో క్లాట్ ఉంది. వెంటనే తెచ్చి ఉంటే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం. విండో పీరియడ్ దాటిపోయింది” అన్నారు డాక్టరు గారు. బి.పి. ఎప్పుడైనా చూపించుకున్నారా అని అడిగారు. రమణమ్మ నా వైపు చూసింది. డాక్టరు గారికి జవాబు దొరికిపోయింది.

కాలు త్వరగానే దారికొచ్చింది. కుడిచేతికి ఫిజియోథెరపీ మొదలుపెట్టారు. మాట మాత్రం రాలేదు. “దీన్ని అఫేజియా అంటారు. తెలివి ఎక్కడికీ పోలేదు. మాట దొరకడం లేదు, అంతే” అన్నారు. అంతే అన్నారు గానీ, నీళ్లు అడగబోతే ‘తక్కెడ’ అంటున్నాను. భార్యను పిలవబోతే ‘క్రేటు’ అంటున్నాను. “ఇన్నేళ్ల కాపురానికి క్రేటునైనాను సూడమ్మా” అని రమణమ్మ నర్సుకు చెప్పుకుంది. ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుకు మాత్రం ఏ జబ్బూ రాలేదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. నేను నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు మాట అందించేవాళ్లు. “నీళ్లా? కాఫీనా? ఫ్యాను వెయ్యాల్నా?” నేను తలూపేవాణ్ణి. తలూపితే పని జరిగిపోతోంది, ఇంక నోరెందుకు? మండీలో నా బదులు వేరే అతన్ని పెట్టారని తెలిసింది. తాత్కాలికమే అన్నారు. గొంతు లేని పాటగాడికి మార్కెట్లో ఏం పని అని నాలో నేనే కుమిలిపోయాను.

స్పీచ్ థెరపీకి కుప్పంలోని ఆసుపత్రికి పొమ్మన్నారు. అక్కడి థెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. బొమ్మలు చూపించి పేర్లడిగింది. కుక్కను చెప్పలేకపోయాను, కుర్చీని చెప్పలేకపోయాను. అంకెలు లెక్కపెట్టమంటే మాత్రం గడగడా వచ్చేశాయి. నా పనేమిటో రమణమ్మ చెప్పగానే ఆ అమ్మాయి ముఖం వెలిగింది.

“అయితే ఒక వేలం పాడండి సార్.”

బయట బెంచీ మీద జనం ఉన్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

“పాట, లెక్క వేరే దారిలో వస్తాయి సార్. మీకు ఆ దారి మూసుకుపోలేదు. రోజూ మాట్లాడాలి. ఆయన బదులు ఇంకెవరూ మాట్లాడకూడదు.”

“అట్లేనమ్మా, మాట్లాడతాడు” అంది రమణమ్మ, నా బదులు.

మదనపల్లె నుంచి కుప్పానికి మాటిమాటికీ బస్సులో పోయి రావడం నాకు కష్టమైంది. దారిలోని పుంగనూరులో మా అక్క ఇల్లు. అక్కడే ఉండి పోయి వద్దామనుకున్నాం. మా బావ డ్రాయింగు మాస్టరుగా రిటైరయ్యాడు. ఆయనకు ఒక పిచ్చి ఉంది, ఊరంతటికీ తెలుసు. నడవాలో రెండు పాత తలుపులు కలిపి వేసిన బల్ల. దాని మీద పచ్చ దుప్పటి, దుప్పటి కింద పుస్తకాలు దూర్చి లేపిన గుట్టలు, అగ్గిపెట్టెలతో కట్టిన ఊరు. ఒక పక్క పాలెగాడి బంట్లు, ఇంకో పక్క ఎర్రకోటు సిపాయిలు. ఒక్కొక్కడు నా మధ్యవేలంత పొడుగు. బెంగళూరులో కొన్న ప్లాస్టిక్ బొమ్మలకు ఆయనే తలపాగాలు చుట్టి, మీసాలు దిద్ది, రంగులు వేశాడు. ఏ చరిత్రలోనూ లేని యుద్ధాలు ఆ బల్ల మీద రోజూ జరుగుతాయి.

ఆట కష్టమేమీ కాదు. మన వంతు వచ్చినప్పుడు ఒక్కో సిపాయిని జానెడు దూరం జరపొచ్చు. ఎదుటివాడికి దగ్గరైతే ఇద్దరూ పాచిక వెయ్యాలి. ఎక్కువ పడినవాడు నిలబడతాడు, రెండోవాడు పడుకుంటాడు.

“సిన్న బొమ్మలైతే ఇంకా శానా పట్టేవి గదన్నా, ఇంత లావువి యాల?” అని రమణమ్మ అడిగింది.

“సిన్నవైతే దండు కనిపిస్తాదమ్మా, మనిషి కనపడడు. వీళ్లకు మొగం ఉండాది సూడు. మొగముంటే పేరు పెడతాం. పేరు పెట్టినాక ఊరికే సావనియ్యం.”

నిజం చెప్తున్నాను, ఆ మాటకే నేను బల్లకు దగ్గరగా కుర్చీ లాక్కున్నాను. పాలెగాడి బంట్లలో ఒకడికి గుబురు మీసాలు, కాస్త పొట్ట. వాణ్ణి చూడగానే నాకు నచ్చాడు. బావ వాడికి మీసాల మునెప్ప అని పేరు పెట్టి నా చేతికిచ్చాడు. ఆసుపత్రిలో ఇచ్చిన స్పాంజి బంతి నొక్కాలంటే నాకు ఎక్కడలేని విసుగు. మునెప్పను నడుం పట్టుకొని ఎత్తి గుట్ట మీద నిలబెట్టడం మాత్రం విసుగనిపించలేదు. చిన్న బొమ్మైతే నా వేళ్లకు దొరికేదే కాదు. పట్టు జారేది, వాడు బోర్లా పడేవాడు, మళ్లీ ఎత్తేవాణ్ణి. మా రమణమ్మ మదనపల్లె నుంచి ఖాళీ టమోటా క్రేటు ఒకటి తెచ్చింది. బోర్లించి వాకిలి కోస్తే అదే నా కోట.

అప్పుడు బావ కొత్త రూలు పెట్టాడు. “నోటితో ఆర్డరిస్తేనే సిపాయి కదుల్తాడు బామ్మర్దీ. సైగలు సెల్లవు.”

మొదట్లో నా దండంతా నిలబడ్డచోటే నిలబడి చచ్చింది. “ఆ బొమ్మనేదో నువ్వే జరపరాదా? యాల సతాయిస్తావు మా తమ్ముణ్ణి?” అని అక్క మొగుడి మీద లేచింది.

“నేను జరిపితే అది నా ఎత్తు అయితాది, ఆయనది కాదు. ఉండు, చెప్తాడు” అన్నాడు బావ.

ఒక మధ్యాహ్నం ఎర్రకోటు సిపాయిలు కోట వాకిటికి వచ్చేశారు. వాకిట్లో మునెప్ప ఒక్కడే. వాణ్ణి లోపలికి పిలవాలి. వెనక్కి అన్న మాట నాకు తెలుసు, కళ్ల ముందు కనిపిస్తోంది, నోట్లోకి రాదు. వచ్చేదల్లా తక్కెడే. బావ పాచిక గుప్పిట్లో ఆడిస్తున్నాడు, వెయ్యడం లేదు. అక్క మజ్జిగ గ్లాసులు తెచ్చి బల్ల చివర పెట్టి అక్కడే నిలబడింది. రమణమ్మ పెదవులు కదిలాయి గానీ మాట పైకి రానివ్వలేదు. నాకు ఒళ్లు మండింది. నా నాలుక మీద కోపం, నా మునెప్పను పడగొట్టబోతున్న బావ మీద కోపం. ఆ కోపంలో గొంతు దానంతటదే మార్కెట్ రాగం ఎత్తుకుంది.

“మునెప్పా ఎనక్కీ... ఒకటోసారీ! ఎనక్కీ... రెండోసారీ! ఎనక్కీ... మూడోసారీ!”

వీధిలో పోయేవాళ్లు ఆగి లోపలికి చూశారు. రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండిపోయాయి. ఎంత సంతోషమో చెప్పలేను. బావ మాత్రం జడ్జిలా ముఖం పెట్టి వేళ్లు చాచి బల్ల మీద జానలు కొలవడం మొదలుపెట్టాడు.

“మూడు తూర్లు ఆర్డరిచ్చినావు. మూడు జానలు ఎనక్కి పోవాల.”

మొదటి జానకు మునెప్ప కోటలోకి వచ్చాడు. రెండో జానకు కోట వెనక గోడ దాటాడు. మూడో జానకు బల్ల చివర మజ్జిగ గ్లాసులో తలకిందులుగా పడ్డాడు.

“నీ సేనాపతి యుద్ధం ఇడిసిపెట్టి మజ్జిగ తాగను పోయినాడు!” అని బావ తీర్పు చెప్పాడు.

“అన్యాయం!” అన్నాను.

ఆ మాట రాగం లేకుండా వచ్చింది. ఎవరూ అందించలేదు. “మూడోసారి అన్నాక మాట ఎనక్కి తీసుకోకూడదని చెప్పేది నువ్వే గదా” అన్నాడు బావ. మునెప్పను కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టాను.

ఆ తర్వాత ఆర్డర్లన్నీ వేలంపాటలోనే. నెమ్మదిగా రాగం పలచబడింది, మాట మిగిలింది. కుప్పంలో ఈ కథ చెబితే థెరపిస్టు అమ్మాయి పడీపడీ నవ్వి, “ఇంతకంటే మంచి హోంవర్క్ నేను ఇవ్వలేను, ఆడండి సార్” అంది.

అక్కడితో ఊరుకోవచ్చు గదా. నేను ఆగలేదు. పుంగనూరు బల్ల ఇంక నాకు ఇరుకైందని చెప్పి మార్కెట్‌కు పరుగెత్తాను. మండీ సాహుకారు మొహమాటపడి ఒక వరుస ఇచ్చాడు. చుట్టూ జనం, లారీల హారన్లు, అటూ ఇటూ కేకలు. వ్యాపారులు ఒకరి మీద ఒకరు పెంచుతుంటే అంకెలు నా నోట్లో తారుమారయ్యాయి. పెరగాల్సిన రేటు తగ్గింది. రైతు లబోదిబోమన్నాడు. కొత్తతను వచ్చి పాట అందుకున్నాడు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. పుంగనూరుకు పోలేదు, కుప్పానికీ పోలేదు.

కబురు తెలిసి బావ బస్సెక్కి వచ్చాడు. ఒక్కమాట ఓదార్చలేదు. జేబులోంచి మునెప్పను తీసి మంచం మీద పడుకోబెట్టాడు.

“నిన్న మళ్లీ సచ్చినాడు. ఇప్పుడు లేపితే రేపు ఆటలో నిలబడతాడు. ఆట ఓడితే బల్ల తగలబెట్టేస్తామా? లేపుతావా, నన్ను లేపమంటావా?”

బావ చెయ్యి చాచలేదు. నేనే లేపాను. కుడిచేత్తో.

ఇప్పుడు బి.పి. మాత్ర, రక్తం పలచబడే మాత్ర తప్పకుండా వేసుకుంటున్నాను. రమణమ్మ మీద ఒట్టు, ఆమె పేరు కూడా సరిగానే పిలుస్తున్నాను. మండీలో చివరి వరుస పాట నాది. సందడి తగ్గాక, తక్కువ మందితో. మునెప్ప చొక్కా జేబులో ఉంటాడు. ఆదివారాలు పుంగనూరులో యుద్ధం. అక్క ఇప్పుడు ఎర్రకోటు పక్షం చేరింది, కనికరమన్నది లేకుండా ఆడుతుంది.

మొన్న చెంగప్ప క్రేట్లు నా వరుసలోకి వచ్చాయి. ఆ మొదటి రోజు నా మాట తప్పింది ఆయన క్రేట్ల ముందే. పాట బాగానే సాగి, కొట్టేసే ముందు రేటు గొంతులో చిక్కుకుంది. జేబులో మునెప్ప నడుం పట్టుకున్నాను. అయినా అంకె రాలేదు. ఒక వ్యాపారి జాలిపడి ఆ అంకె తాను చెప్పబోయాడు. చెంగప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. నష్టమైతే ఆయనకే, అయినా పెట్టాడు.

“ఉండప్పా. ఆయప్ప చెప్తాడు.”

అందరూ ఆగారు. నేను చెప్పాను. మూడోసారి కూడా నేనే అన్నాను. గేటు బయట టీ అంగడాయన చేయెత్తి ఊపాడు.

మీ ఇంట్లో ఇలా మాట చిక్కుకున్న మనిషి ఉంటే నా సలహా ఒక్కటే. ఆ మాట మీరు అందించకండి. ఎంతసేపైనా ఎదురుగా కూర్చుని ఆగండి, చెప్తారు. పక్కన మజ్జిగ గ్లాసు ఉంటే మాత్రం కాస్త దూరంగా జరపండి.